వెలుగు బొమ్మల పక్కన అప్పటికప్పుడు పుట్టే సంగీతం: వరంగల్‌లో ఒక సాయంత్రం ఎలా చేయాలి

మీ స్నేహితులెవరో లైట్ ప్రొజెక్షన్ ఎగ్జిబిషన్ పెడుతున్నారు. గోడల మీద, గుడ్డల మీద, నేల మీద వెలుగుతో బొమ్మలు వేస్తారు. "సాయంత్రం మీరు కూడా వచ్చి ఏదైనా వాయించండి" అన్నారు. ఆ "ఏదైనా" దగ్గరే మీ పని మొదలవుతుంది. ముందే కట్టుకున్న పాట ఉండదు, రాగం ఉండదు, తాళం ఉండదు. నలుగురు కూర్చుని వింటూ, అక్కడికక్కడే శబ్దాలు చేస్తూ నలభై నిమిషాలు నడపాలి. హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో ఉన్న వసతులతోనే దీన్ని బాగా చేయొచ్చు. నేను కొన్నిసార్లు చేశాను, కాబట్టి ఏది పనికొచ్చిందో, ఏది రాలేదో వరుసగా చెప్తాను.

ఒక మాట మాత్రం మొదటే. బొమ్మలకు బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వాయించడానికి ఒప్పుకోవద్దు. మేం మొదటిసారి చేసింది అదే. ఒక పాత రైస్ మిల్లు గోదాంలో గోడ మీద నీలం రంగు రాగానే ఒకరు వేణువు ఊదేవారు, ఎరుపు రాగానే ఇంకొకరు డోలు అందుకునేవారు. పది నిమిషాల్లో చూసేవాళ్లకు లెక్క తెలిసిపోయింది. ఇక బొమ్మనూ చూడలేదు, మమ్మల్నీ వినలేదు. వెలుగు తన దారిన తాను పోతుంటే శబ్దం దాని పక్కన ఇంకో దారిన నడవాలి. రెండూ ఎక్కడ కలుస్తాయో చూసేవాళ్లకే వదిలేయాలి. కింద చెప్పే ప్రతి పనీ దీనికోసమే.

ఇది మన దగ్గర లేని సంగతేమీ కాదు. చేర్యాల నకాశీ పటాన్నే తీసుకోండి. పటం విప్పి, ఒక్కో బొమ్మ చూపిస్తూ కథ పాడతారు. బొమ్మ కదలదు, పాట కదులుతుంది. ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగాలో ఎదురుగా ఉన్న జనాన్ని బట్టి ఉంటుంది. ఒగ్గు కథలో వంతలు చూడండి. ప్రధాన కథకుడి మాట ఎటు తిరుగుతుందో విని, ఆ క్షణంలోనే అందుకుంటారు. కర్ణాటక సంగీతంలో దీన్నే మనోధర్మం అంటారు. అక్కడ రాగం, తాళం అనే ఒప్పందం ముందే ఉంటుంది, ఇక్కడ అది కూడా ఉండదు. తేడా అంతే. బయట చూస్తే 1965లో లండన్‌లో మొదలైన ఏఎంఎం బృందం ఇలా ఏ ఒప్పందమూ లేకుండా వాయించడాన్నే తన పద్ధతిగా పెట్టుకుంది. అదే దశకంలో అమెరికాలో గాజు పళ్లేల్లో నూనె, రంగునీళ్లు పోసి, ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్‌తో సంగీత సభల్లో తెర మీద వేసేవారు. మన దేశంలో 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)లో మూగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యంతో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో పెట్టారు. కాబట్టి ఎవరైనా "ఇదేం కొత్త పద్ధతి" అంటే వివరంగానే జవాబు చెప్పండి.

ముందు గది చూసుకోండి

పగలు ఒకసారి, రాత్రి ఒకసారి వెళ్లండి. పగలు కిటికీలు లెక్కపెట్టండి. రాత్రి వీధి దీపం వెలుగు ఎటునుంచి పడుతోందో చూడండి. ఏ.సి. ఉన్న ఆడిటోరియంలకంటే కాలేజీ సెమినార్ హాలు, ఖాళీగా ఉన్న గోదాం, పాత ఇంటి మండువా నాకు ఎక్కువ నచ్చుతాయి. కాళోజీ కళాక్షేత్రం లాంటి పెద్ద చోట్లలో ప్రేక్షకులు వరుసల్లో కూర్చుండిపోతారు, బొమ్మల మధ్య నడవరు. ఎగ్జిబిషన్‌కు నడక కావాలి.

గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టండి. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. ఎదుటి గోడ 17 మీటర్ల దూరంలో ఉంటే సెకనులో పదో వంతు తర్వాత ఆ చప్పట మీ దగ్గరికి తిరిగొస్తుంది. అప్పుడు వేగంగా వాయించే డోలు దరువంతా ఒకదాని మీద ఒకటి పడి ముద్దైపోతుంది. అలాంటి చోట సాగే శబ్దాలు, విడివిడిగా పడే శబ్దాలు బాగుంటాయి. ప్రతిధ్వని మరీ ఎక్కువగా ఉంటే కొత్తవాడ జంపఖానాలు పది అద్దెకు గానీ అడిగి గానీ తెచ్చి, బొమ్మలు పడని గోడలకు వేలాడదీయండి. కొన్నిటిని నేల మీద పరవండి. చూసేవాళ్లు కూర్చోవడానికీ పనికొస్తాయి, వాటి కింద తీగలు దాచడానికీ పనికొస్తాయి. 2018లో వరంగల్ జంపఖానాకు జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. మన ఊరి నేత మన ఊరి శబ్దాన్ని సరిచేస్తుంటే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది.

కోట, వేయి స్తంభాల గుడి, రామప్ప అందరికీ ముందు గుర్తొస్తాయి. అవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, రాతపూర్వక అనుమతి లేకుండా తీగ ముక్క కూడా పరవొద్దు. రామప్పలో రాతిని మీటితే స్వరాలు పలుకుతాయని గైడ్లు చూపిస్తుంటారు. 1213 నాటి గుడి అది, 2021లో ప్రపంచ వారసత్వ కట్టడమైంది. దయచేసి ఆ రాయి మీద చెయ్యి వేయొద్దు. మీ ఇంటి రుబ్బురోలు మీకు సరిపోతుంది. ఎలాగో కింద చెప్తాను.

వెలుగు వాళ్లతో కూర్చోండి

సంగీతం వాయించేవాళ్లకు ప్రొజెక్టర్ లెక్కలు ఎందుకు అనుకోవద్దు. మీరు ఎక్కడ కూర్చోవాలో వాటిని బట్టే తేలుతుంది. ప్రొజెక్టర్‌కు త్రో రేషియో అని ఒక అంకె ఉంటుంది, బొమ్మ వెడల్పుకు ఎన్ని రెట్ల దూరం కావాలో అది చెప్తుంది. అది 1.5 అయితే, 3 మీటర్ల వెడల్పు బొమ్మ కావాలంటే ప్రొజెక్టర్‌ను నాలుగున్నర మీటర్ల దూరంలో పెట్టాలి. ఆ నాలుగున్నర మీటర్లలో మీ తల అడ్డు రాకూడదు. వెలుగు లెక్క కూడా అంతే సులువు. 3,000 ల్యూమెన్ల (వెలుగును కొలిచే లెక్క) ప్రొజెక్టర్‌తో 3 మీటర్ల వెడల్పు, 1.7 మీటర్ల ఎత్తు బొమ్మ వేస్తే చదరపు మీటరుకు దాదాపు 590 ల్యూమెన్లు పడతాయి. అదే బొమ్మను 6 మీటర్ల వెడల్పు చేస్తే 147కు పడిపోతుంది. వెడల్పు రెట్టింపు చేస్తే వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది. అంటే బొమ్మ పెద్దదయ్యేకొద్దీ మీ స్టాండు దగ్గర పెట్టుకున్న చిన్న దీపం కూడా దాన్ని పాడుచేస్తుంది. మీ దీపానికి నల్ల కాగితం చుట్టి, వెలుగు చేతుల మీదే పడేలా చేసుకోండి. ఫోన్ స్క్రీన్లు బోర్లా పెట్టండి.

బట్టల గురించి కూడా వాళ్లతో మాట్లాడండి. మీ మీద బొమ్మ పడొద్దంటే నల్లవి వేసుకోండి. పడాలనుకుంటే తెల్ల నూలు బట్టలు వేసుకోండి, అప్పుడు మీరే తెర అవుతారు. సగం సగం వద్దు.

ప్రొజెక్టర్ ఫ్యాన్ శబ్దం ముందే వినండి. నాలుగు ప్రొజెక్టర్లు ఒకేసారి తిరిగితే ఆ హోరు మీ మెల్లని శబ్దాలన్నింటినీ మింగేస్తుంది. వాటి పక్కన కూర్చోవద్దు.

ప్రొజెక్టర్లు కొనే స్తోమత లేకపోతే ఏదైనా కాలేజీ స్టోర్ రూములో దుమ్ము పట్టిన ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ ఉందేమో అడగండి. దాని గాజు మీద పెద్ద గాజు పళ్లెం పెట్టి, కొద్దిగా నీళ్లు పోసి, ఫుడ్ కలర్ చుక్కలు, నూనె వేస్తే గోడంతా రంగులు కదులుతాయి. ఆ నీళ్లను చేత్తో కదిలించే మనిషి కూడా మీలాగే అప్పటికప్పుడు వాయిస్తున్నట్టే. కంప్యూటర్ వీడియోకంటే ఇలాంటి వెలుగు పక్కన వాయించడమే నాకు ఇష్టం. దానికి కూడా పొరపాట్లు జరుగుతాయి, అది కూడా మనల్ని వింటుంది. దీపం వేడి, నీళ్లు, కరెంటు ఒకే చోట ఉంటాయి కాబట్టి పళ్లెం నిండా పోయొద్దు, పక్కన పొడి గుడ్డ పెట్టుకోండి.

మనుషులు, శబ్దాలు

మొదటిసారికి నలుగురు చాలు. అందరూ సంగీతం నేర్చినవాళ్లే కానక్కర్లేదు, వినే ఓపిక ఉన్నవాళ్లు కావాలి. వేగంగా వాయించడం వచ్చినవాళ్లకంటే చేతులు కట్టుకుని కూర్చోవడం వచ్చినవాళ్లు ఇక్కడ ఎక్కువ పనికొస్తారు. గొంతు ఉన్నవాళ్లు ఒకరు తప్పకుండా ఉండాలి. ఒక్క గొంతుతో ఎన్ని శబ్దాలు పుట్టించవచ్చో మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గారి ఊరివాళ్లకు వేరే చెప్పాలా?

డప్పో, ఒగ్గు డోలో వాయించే కళాకారులను పిలిస్తే ముందు వాళ్లింటికి వెళ్లి మాట్లాడండి. ఏం చేయబోతున్నామో చెప్పండి. ఒగ్గు అంటే మల్లన్న కొలువుకు చెందింది, దాన్ని ఒక ఎఫెక్ట్‌లా వాడొద్దు. ఏది వాయించవచ్చో, ఏది వాయించకూడదో వాళ్లే చెప్తారు, దానికి కట్టుబడండి. మిగతావాళ్లకు ఎంత ఇస్తే వాళ్లకూ అంతే ఇవ్వండి, పోస్టర్ మీద పేరు అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. ఈ విషయంలో బేరం వద్దు.

డప్పు విషయంలో ఒక మెలకువ. మంట దగ్గర కాచిన తర్వాతే దాని తోలు బిగుసుకుని గణగణ మోగుతుంది. హాలు లోపల మంట పెట్టలేరు కాబట్టి బయట కాచి తేవాలి. చలికాలం తేమలో అది మెల్లగా దిగిపోతుంది. నలభై నిమిషాల్లో ఒకే డప్పు రెండు గొంతులతో మాట్లాడుతుంది. దాన్ని లోపం అనుకోకుండా మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి వాయించండి.

ఇక ఇంటి వస్తువులు. ఇత్తడి తాంబాళం, బిందె, రుబ్బురోలు, చాట, జల్లెడ, పాత కుట్టు మిషన్, ఇవన్నీ వాయిద్యాలే. వీటి లోపలి శబ్దం బయటికి వినిపించాలంటే వస్తువుకే అతికించే కాంటాక్ట్ మైక్ కావాలి. అది మీరే చేసుకోవచ్చు. ఎలక్ట్రానిక్స్ విడిభాగాల దుకాణంలో 27 మిల్లీమీటర్ల పీజో డిస్క్ కొద్ది రూపాయలకే దొరుకుతుంది. రేకు బిళ్ల మీద తెల్ల మచ్చలా ఉంటుంది. షీల్డ్ ఉన్న ఆడియో కేబుల్ తీసుకుని, లోపలి తీగను డిస్క్ మధ్య తెల్ల భాగానికి, చుట్టూ ఉన్న జాలీ తీగను అంచున ఉన్న ఇత్తడి భాగానికి సోల్డర్ చేయండి. తెల్ల భాగం మీద సోల్డరింగ్ ఐరన్‌ను రెండు సెకన్లకు మించి ఆనించొద్దు, పాడైపోతుంది. కేబుల్ రెండో కొసకు గిటార్‌కు వాడే పావు అంగుళం జాక్ పెట్టండి. లోపలి తీగ జాక్ మొనకు, జాలీ తీగ దాని ఒంటికి. డిస్క్ మొత్తాన్ని ఇన్సులేషన్ టేపుతో చుట్టేయండి. సౌండ్ మిక్సర్‌లో మామూలు మైక్ ఇన్‌పుట్‌కు పెడితే శబ్దం పల్చగా, తగరపు డబ్బాలా వస్తుంది. గిటార్‌కు ఉండే ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌కు పెడితేనే బరువైన బేస్ శబ్దం కూడా వస్తుంది. వాల్యూమ్ సున్నా నుంచి మెల్లగా పెంచండి, లేకపోతే స్పీకర్ కీచుమంటుంది.

ఇప్పుడు ఆ డిస్క్‌ను రుబ్బురోలు పక్కకు టేపుతో అతికించి, లోపల నాలుగు బియ్యపు గింజలు వేసి పొత్రం తిప్పండి. కొండ కదిలినట్టుంటుంది. పెంబర్తి ఇత్తడి పళ్లెం ఉంటే దాని అంచును వేలి గోటితో గీకండి. మొదటిసారి విన్న రోజు నేను రెండు గంటలు లేవలేదు.

రికార్డు చేసిన శబ్దాలు కూడా వాడొచ్చు. కొత్తవాడలో మగ్గం చప్పుడు, కాజీపేట జంక్షన్‌లో గూడ్స్ బండి బ్రేకు, తెల్లవారుజామున భద్రకాళి చెరువు గట్టు మీద పిట్టలు, ఏనుమాముల మార్కెట్లో బస్తాలు దించే చప్పుడు. ఫోన్‌లో రికార్డు చేస్తే చాలు. మగ్గం దగ్గర, మార్కెట్లో మాత్రం అడిగే రికార్డు చేయండి. ఒక్క సాయంత్రానికి ఒక్క రికార్డింగే వాడండి, అదీ బాగా తక్కువ వాల్యూమ్‌లో. ఎక్కువైతే అది మన ఊరి డాక్యుమెంటరీ అయిపోతుంది.

సాధన

అప్పటికప్పుడు చేసేదానికి రిహార్సల్ ఎందుకని అందరూ అడుగుతారు. పాట నేర్చుకోవడానికి కాదు, వినడం అలవాటు కావడానికి. కనీసం ఐదు సాయంత్రాలు కూర్చోండి.

మొదటి సాయంత్రం ఎవరూ ఏమీ వాయించొద్దు. ఫోన్‌లో పది నిమిషాల అలారం పెట్టి కళ్లు మూసుకోండి. తర్వాత ఎవరికి ఏం వినిపించిందో కాగితం మీద రాయండి. మా లెక్కలో ఒకరు ఏడు రాశారు, ఇంకొకరు ముప్పై రాశారు. ఆ ముప్పై రాసినవారు తబలా, గిటార్ ఏదీ రానివారు. ఆ తర్వాత మా బృందంలో అందరికంటే ముఖ్యమైనవారు ఆయనే అయ్యారు.

రెండో సాయంత్రం ఒక్కొక్కరు ఒక్క శబ్దమే ఎంచుకోండి. ఒకరు దాన్ని ఒక్కసారి చేయాలి. అది పూర్తిగా ఆగిపోయేదాకా, చివరి సన్నని మోత కూడా పోయేదాకా రెండో వ్యక్తి చేయి కదపకూడదు. ఇత్తడి పళ్లెం ఎంతసేపు మోగుతుందో అప్పుడు తెలుస్తుంది. ఇది అరగంట చేస్తే విసుగొస్తుంది. ఆ విసుగు దాటిన తర్వాత వచ్చే ఐదు నిమిషాల కోసమే ఇదంతా. మొదటి రోజు రాకపోతే మళ్లీ చేయండి.

మూడోసారి ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకరు ఏదైనా చేస్తే రెండోవారు దానికి జవాబు ఇవ్వకూడదు, దాన్ని అనుకరించకూడదు. దాని పక్కన ఇంకేదో చేయాలి, లేదా ఊరుకోవాలి. ఇది చాలా కష్టం. చిన్నప్పటి నుంచి మనకు తాళం అందుకోవడం, శ్రుతి కలపడం అలవాటు. చేయి దానంతటదే దరువు అందుకుంటుంది. అందుకున్నప్పుడు ఆగండి, నవ్వుకోండి, మళ్లీ మొదలుపెట్టండి.

నాలుగో సాయంత్రానికి వెలుగు వాళ్లను పిలవండి. ముందు ఇరవై నిమిషాలు బొమ్మలకు వీపు పెట్టి వాయించండి. తర్వాత ఇరవై నిమిషాలు శబ్దం లేకుండా బొమ్మలు మాత్రమే చూడండి. ఆ తర్వాత రెండూ కలపండి. వీపు పెట్టి వాయించినప్పుడు ఫోన్‌తో వీడియో తీసి చూస్తే ఆశ్చర్యపోతారు. ఎవరూ అనుకోకుండానే ఎన్నోచోట్ల వెలుగు, శబ్దం కలుస్తాయి. కావాలని కలిపినవాటికంటే అవే బాగుంటాయి.

ఐదోసారి అసలు నిడివితో, అసలు గదిలో చేయండి. దానికి ముందు మూడు ఒప్పందాలు చేసుకోండి. ముగ్గురు వాయిస్తుంటే నాలుగోవారు ఆగి ఉండాలి. ప్రతి ఒక్కరూ మొత్తం సమయంలో సగం ఊరికే కూర్చోవాలి. ఇక ముగింపు. చాలామంది ముగింపు దగ్గరే తప్పుతారు. సంగీతం తనంతట తాను ఆగినప్పుడు ఎవరో ఒకరికి భయమేసి మళ్లీ మొదలుపెడతారు. మేం పెట్టుకున్న పద్ధతి ఇది: ముప్పై ఐదు నిమిషాలు దాటాక వచ్చే మొదటి మౌనంలో పది శ్వాసలు లెక్కపెడతాం. ఆలోగా ఎవరూ కదలకపోతే అయిపోయినట్టే.

కరెంటు, అనుమతులు, తేదీ

సౌండ్ సామాను మొత్తం ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు, ఒకే ఎర్త్‌కు పెట్టండి. ప్రొజెక్టర్లకు వేరే బోర్డు. స్పీకర్లో హమ్ (ఎడతెగని గుయ్‌మనే మోత) వస్తే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడండి, చాలాసార్లు అదే కారణం. అయినా పోకపోతే టెన్షన్ పడొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ హమ్ వెస్టర్న్ లెక్కలో జి స్వరానికి దగ్గరగా, దానికి కాస్త పైన ఉంటుంది. దాన్నే శ్రుతి పెట్టెగా అనుకుని గొంతువాళ్లను దాని మీద నిలబడమనండి. కానీ లోహపు వస్తువు ముట్టుకుంటే చేతికి జిల్లుమంటే మాత్రం అది సంగీతం కాదు. వెంటనే ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఒకసారి అద్దెకు తెచ్చిన ప్రొజెక్టర్ బల్బు మధ్యలో ఆరిపోయింది. అప్పటినుంచి ముందురోజే రెండు గంటలు వెలిగించి చూస్తున్నాం. కరెంటు పోతే ఏం చేయాలో కూడా ముందే అనుకోండి. చీకట్లో, మైకుల్లేకుండా వాయిస్తూనే ఉండటం మా ఒప్పందం.

ఆరుబయట అయితే లౌడ్‌స్పీకర్‌కు పోలీసు అనుమతి తీసుకోండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టులకు వంద మీటర్ల లోపలైతే ఆ చోటే మార్చుకోండి. డిసెంబరు, జనవరి నెలలు మంచివి, ఆరున్నరకే చీకటి పడుతుంది. మేడారం జాతర వారంలో పెట్టొద్దు, సామాను దొరకదు, బండ్లు దొరకవు. పెద్ద పెళ్లి ముహూర్తాల రోజున కూడా అంతే. పైగా పక్క ఫంక్షన్ హాలు బ్యాండు మీ మౌనంలోకి వచ్చేస్తుంది.

ఆ సాయంత్రం

తలుపు దగ్గర ఒక బోర్డు పెట్టండి. వెలుగు వేగంగా మెరిసే బొమ్మలుంటే దాని మీద పెద్ద అక్షరాల్లో రాయండి. సెకనుకు మూడు నుంచి ముప్పై సార్లు మెరిసే వెలుగు కొంతమందికి ఫిట్స్ తెప్పించవచ్చు. ఎప్పుడైనా రావచ్చు, ఎప్పుడైనా వెళ్లొచ్చు అని కూడా రాయండి. కూర్చోవాలన్న మొహమాటం లేకపోతే జనం ఎక్కువసేపు ఉంటారు.

పిల్లలు దగ్గరికొస్తారు, తాంబాళం ముట్టుకుంటారు. ముట్టుకోనివ్వండి. ఆ శబ్దం కూడా ఆ సాయంత్రానిదే. మధ్యలో ఎవరైనా పెద్దాయన "ఇది పాటేనా నాయినా" అని అడిగితే తర్వాత ఆయన పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పండి, ఆయన ఏం విన్నారో కూడా అడగండి. మైకులో పరిచయ ప్రసంగాలు, సన్మానాలు, శాలువాలు ముందే అయిపోవాలి. వెలుగు వెలిగాక ఎవరూ మాట్లాడకూడదు. నిర్వాహకులతో ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉండండి.

మొదటి మూడు నిమిషాలు ఏమీ చేయొద్దు. కళ్లు చీకటికి అలవాటు పడాలి, చెవులు గదికి అలవాటు పడాలి. ఆ తర్వాత మొదటి శబ్దం మీలో అందరికంటే మెల్లగా వాయించేవారిది కావాలి.

గది మధ్యలో ఒక ఫోన్‌ను జంపఖానా మీద పెట్టి మొదటినుంచీ రికార్డు చేయండి. చివరి మౌనం తర్వాత కూడా దాన్ని ఆపొద్దు. ప్రొజెక్టర్ దీపం ఆర్పినా దాని ఫ్యాన్ ఇంకాసేపు తిరుగుతుంది, బల్బు చల్లబడేదాకా ప్లగ్ పీకకూడదు. చప్పట్లు కొట్టబోయేవాళ్లకు చేయి చూపించి ఆపండి. ఆ ఫ్యాన్లు ఒక్కొక్కటిగా ఆగిపోవడం అందరూ కూర్చుని వినండి. చివరి ఫ్యాన్ ఆగాక ట్యూబ్‌లైట్ వేయండి.